వెలోసియో అను పాల్ ద వివీ జీవితము

మన పాఠశాలకు వచ్చు విద్యార్థులలో కొందఱు నేడు గేరు సైకిళ్లపై వచ్చుచున్నారు. కొండదారులకును రాతిబాటలకును తగునట్లు లావైన టైర్లతో చేయబడిన మౌంటెను బైకులు పట్టణములలోని దుకాణములందు వరుసగా నిలుపబడియుండుట చూచుచున్నాము. కొనబోయిన తండ్రికిని కుమారునికిని అచ్చట కలుగు చిక్కు ధరను గూర్చినది మాత్రమే కాదు. పెడళ్లయొద్ద పళ్లచక్రము ఒకటి చాలునా, రెండు కావలెనా, మూడు మంచివా? వెనుక చక్రమున ఎనిమిదా, పండ్రెండా? ఎక్కువ గేర్లున్నదే మేలని ఒకరు చెప్పుదురు. తక్కువ గేర్లున్నదే నూతన పద్ధతియని మఱొకరు చెప్పుదురు. విన్నవానికి మతి పోవును.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 130 ఏండ్లకు పూర్వమే ఫ్రాన్సు దేశమున ఒక పట్టు వర్తకుడు దీనిని తన జీవితకార్యముగా చేసికొనెను. సైకిలుపై దూరప్రయాణములు చేయువారిలో ఆయన పేరు ఎఱుగనివారు అరుదు. ఆయన చరిత్రమును చదువరులకు తెలుపుట యుక్తమని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

పాల్ ద వివీ 1853వ సంవత్సరము ఏప్రిలు నెల 29వ తేదీన దక్షిణ ఫ్రాన్సులోని పెర్న్ అను చిన్న పట్టణమున జన్మించెను. గ్రీకు లాటిను గ్రంథములయందు అభిరుచి గలవాడు. అయినను జీవనోపాధికై పట్టు వ్యాపారములో ప్రవేశించి, సెయింట్ ఎటియెన్ నగరమున స్థిరపడెను. ఈ నగరమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. అచ్చట నేలక్రింద బొగ్గు. వీధులలో పట్టు రిబ్బనులు నేయు మగ్గములు. వాటి ప్రక్కనే తుపాకులు చేయు కమ్మరశాలలు. తుపాకి గొట్టమును వంకర లేకుండ తొలుచుటయు, చిన్న చిన్న ఉక్కు భాగములను వెండ్రుకవాసి తేడా లేకుండ అమర్చుటయు తరతరములుగా నేర్చిన పనివారు ఆ ఊరిలో నుండిరి. సైకిలు వచ్చినప్పుడు దానిని చేయుటకు కావలసిన నేర్పు అదియే. అందుచేతనే 1886లో గోతియే సోదరులు అచ్చట సైకిలు తయారుచేయగలిగిరి. ఆ నగరము ఫ్రాన్సునకు సైకిళ్ల రాజధాని యయ్యెను.

వివీ 1881లో, తన 28వ యేట, మొదటి సైకిలును కొనెను. అది మనమెఱిగిన సైకిలు కాదు. ముందుచక్రము మనుష్యుని ఛాతీ యెత్తున నుండును. వెనుకచక్రము మిక్కిలి చిన్నది. పెడళ్లు ముందుచక్రపు ఇరుసునకే బిగింపబడియుండును, గొలుసు లేదు. పెడలు ఒక చుట్టు తిరిగిన చక్రమును ఒకే చుట్టు తిరుగును. వేగము కోరువాడు పెద్ద చక్రమును కొనవలెను. ఎంత పెద్దది కొనగలడో వాని కాలిపొడవే నిర్ణయించెడిది. ఒక్కొక్కప్పుడు రాయి తగిలి సవారి తలక్రిందులుగా పడుటయు కలదు. ఇట్టి బండిపైననే వివీకి సైకిలు పిచ్చి పట్టెను. మఱుసటి సంవత్సరమే ఊరివారిని కూర్చి ఒక సైకిలు సంఘమును స్థాపించెను.

1885లో ఇంగ్లండునందలి కోవెంట్రీలో స్టార్లీ అనునతడు ఇంచుమించు సమానమైన రెండు చక్రములును, పెడళ్లనుండి వెనుకచక్రమునకు గొలుసును గల రోవరు బండిని విక్రయమునకు తెచ్చెను. గొలుసు వచ్చుటతో కాలిపొడవునకును వేగమునకును గల బంధము తెగిపోయెను. ముందు పళ్లచక్రమును పెద్దదిగనో, వెనుకదానిని చిన్నదిగనో చేసిన చాలును. వివీ ఇంగ్లండునకు పోయి ఆ పరిశ్రమను స్వయముగా చూచివచ్చెను. 1887లో ఆయన చేసిన పని ఆ కాలపు వర్తకులకు వింతగా తోచియుండును. బాగుగ సాగుచున్న పట్టు వ్యాపారమును అమ్మివేసి, సైకిళ్ల దుకాణము పెట్టి, ఆ సంవత్సరమే ఒక సైకిలు పత్రికనుకూడ ప్రారంభించెను. తరువాత ల సిక్లిస్త్ అను పేర ప్రసిద్ధికెక్కిన ఆ పత్రికలో ఆయన వెలోసియో అను కలముపేరుతో వ్రాసెను. క్రమముగా లోకము అసలు పేరును మఱచి ఆ పేరునే నిలుపుకొనెను. మేమును ఇకమీదట ఆ పేరునే వాడుదుము.

1889లో వెలోసియో తన దుకాణమునుండి లా గోల్వాజ్ అను గొలుసు సైకిలును వెలువరించెను. దానికి ఒకటే గేరు. దానిపై సెయింట్ ఎటియెన్ నగరమునకు దక్షిణముననున్న కోల్ ద లా రెపుబ్లిక్ అను కనుమను ఎక్కుట ఆయనకు పరిపాటి. ఈ కనుమ 1161 మీటర్ల ఎత్తున నున్నది. ఊరినుండి సుమారు 12, 13 కిలోమీటర్ల దూరము ఎడతెగని ఎక్కుడు. ప్రతి 100 మీటర్లకును సగటున 5 మీటర్లు పైకి పోవలెను. ఒకనాడు ఆయన చెమట క్రమ్మగా, ఊపిరి ఆడక, ఆ యెక్కుడున తొక్కుచుండగా, వెనుకనుండి ఒకడు నోట పైపు పెట్టుకొని తీరికగా పొగ విడుచుచు ఆయనను దాటిపోయెనని చెప్పుదురు. పొగ త్రాగుటను మేము మెచ్చువారము కాము, వెలోసియోయును మెచ్చలేదు. కాని ఆ సవారి గేరు తనదానికంటె చిన్నదని మాత్రము ఆయన గ్రహించెను.

ఇచ్చట కొంచెము లెక్క చూపక తప్పదు. గణితము నేర్చు విద్యార్థులకు ఇది కష్టము కాదు. పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు సైకిలు ముందునకు పోవు దూరమును సాగుదూరము అందుము. ఫ్రెంచివారు గేరును ఇట్లు మీటర్లలోనే కొలుతురు. చక్రము చుట్టుకొలత 2.2 మీటర్లు, ముందు 44 పళ్లు, వెనుక 22 పళ్లు అనుకొందము. పెడలు ఒకసారి తిరిగిన వెనుకచక్రము రెండుసార్లు తిరుగును, సాగుదూరము 4.4 మీటర్లు. నూటికి 5 మీటర్ల ఎక్కుడున ఆ ఒక్క చుట్టుతో మనుష్యుడును బండియు 22 సెంటీమీటర్లు పైకి లేవవలెను. ముందు 22, వెనుక 22 పళ్లున్నచో సాగుదూరము 2.2 మీటర్లే, పైకి లేచుట 11 సెంటీమీటర్లే. మేడమెట్లను రెండేసి చొప్పున ఎక్కుటకును ఒక్కొక్కటిగ ఎక్కుటకును గల భేదమిది. ఎక్కవలసిన ఎత్తు రెండు విధములను ఒక్కటియే. మోకాళ్లపై పడు భారమే వేఱు. గేరు మనకు బలమునీయదు. ఉన్న బలమును ఏ ముక్కలుగ ఖర్చుచేయవలెనో మనచేతికి ఇచ్చును.

అయిన చిన్న గేరునే పెట్టుకొనిన పోదా? పోదు. కనుమ దాటి చదునునేలపైకి వచ్చినంతనే ఆ చిన్న గేరుతో కాళ్లు గిరగిర తిరుగును గాని బండి సాగదు. కావున ఒకే బండికి రెండును కావలెను. వెలోసియో తరువాతి నలువది యేండ్ల శ్రమయంతయు ఈ చిన్న వాక్యములో నిమిడియున్నది.

ఆయన మొదటి ఉపాయము మోటైనది. పెడళ్లయొద్ద ఒకదాని ప్రక్క ఒకటిగ రెండు పళ్లచక్రములను బిగించెను. కొండ వచ్చినప్పుడు దిగి, గొలుసును చేతితో ఎత్తి, పెద్దదానినుండి చిన్నదానికి మార్చవలెను. చేతులు నల్లబడును, అయినను కొండ ఎక్కవచ్చును. పిమ్మట కుడివైపున రెండు, ఎడమవైపున రెండు చక్రములు పెట్టి నాలుగు గేర్లను సాధించెను. 1901లో ఇంగ్లీషువారి విప్పెట్ బండిని సంపాదించి పరీక్షించెను. దానిలో ముందు పళ్లచక్రమే రెండు సగములుగ విడివడి వ్యాసము పెరుగుచు, మఱల కలిసికొని తగ్గుచు నుండెను. యంత్రము చిత్రమైనదే. వెలోసియో దానినికూడ మార్చి, చేర్చి, తొక్కి చూచెను.

ఆ దినములలో గేరు మార్చుటకు మూడు మార్గములు ఒకదానితోనొకటి పోటీపడుచుండెను. ఒకటి, చక్రపు హబ్బులోనే చిన్న పళ్లచక్రములను దాచుట. 1902లో నాటింగ్‌హాములో వెలువడిన స్టర్మీ ఆర్చరు మూడు గేర్ల హబ్బు ఇట్టిది. మన పెద్దలెఱిగిన ర్యాలీ సైకిళ్ల కర్మాగారము వారిదే ఆ వ్యాపారము. దుమ్ము సోకదు, వాన తగులదు, నూనెలో మునిగి యుండును. నిలిచియున్నప్పుడైనను గేరు మార్చవచ్చును. కాని బరువు ఎక్కువ. పళ్లతో పళ్లు ఒరసికొని కొంత శక్తి వ్యర్థమగును. దారిలో చెడినచో దారిప్రక్క కూర్చుండి బాగుచేయుట అందఱికి సాధ్యము కాదు. రెండవది, పెడలును ముందునకు తొక్కిన ఒక గేరు, వెనుకకు తొక్కిన మఱొక చిన్న గేరు వచ్చునట్లు చేయుట. సెయింట్ ఎటియెన్ లోనే ఇట్టి బండ్లు ఇరోండెల్ అను పేరుతో విరివిగ అమ్ముడుపోయెను. కొండ ఎక్కుచు వెనుకకు తొక్కు మనుష్యుని చూచిన నవ్వు రాకమానదు గాని, అది చక్కగ పనిచేసెను. మూడవది డిరైలరు. వెనుక ఇరుసుమీద వేఱువేఱు కొలతల పళ్లచక్రములను వరుసగ పేర్చి, సాగుచున్న గొలుసును ఒకదానినుండి మఱొకదానిపైకి ప్రక్కకు నెట్టుట. గొలుసును పట్టాలు తప్పించుటయే ఆ మాటకు అర్థము. యంత్రశాస్త్రజ్ఞులకు ఇది అపచారముగ తోచెను. గొలుసు నిటారుగ నడువవలసిన వస్తువు కదా, దానిని వంకరగ నడిపించుటేమని వారు ఆక్షేపించిరి.

వెలోసియోయు ఆయన మిత్రులును ఈ మూడవ మార్గమునకు మిక్కిలి తోడ్పడిరి. ఇది అన్నిటికంటె తేలిక. భాగములన్నియు కంటికి కనబడుచుండును. చెడిన చేతితోనే సరిచేసికొనవచ్చును. గేర్ల మధ్య అంతరమును ఎవరి కాళ్లకు తగినట్లు వారు కూర్చుకొనవచ్చును. 1905, 1906 సంవత్సరములనాటికి ఆయన డిరైలరును ప్రయోగించుచుండెను. ఆ నగరవాసియే యగు జోవానీ పనెల్ 1914 యుద్ధమునకు ముందే షెమినో అను డిరైలరును తయారుచేసి విక్రయించెను. షెమినో యనగా దేశద్రిమ్మరి. కాలినడకను ఊరూర తిరుగువాని పేరు గేరునకు పెట్టుట మాకు ముచ్చటగ నున్నది.

వెలోసియో గొప్పతనము ఏదో ఒక యంత్రమును కనిపెట్టుటలో లేదని మా అభిప్రాయము. ఆయన పరీక్షించిన విధానములో నున్నది. ఏ క్రొత్త గేరు వచ్చినను దానిని బిగించుకొని కనుమ ఎక్కును. రాత్రియంతయు రోన్ నదీలోయవెంట దక్షిణముగ ప్రయాణముచేసి ప్రోవెన్సు చేరును. ఎచ్చట గొలుసు జారెనో, ఎచ్చట కాళ్లు అలసెనో గమనించి పత్రికలో ప్రకటించును. తన దుకాణమున అమ్ము వస్తువు లోపమునుకూడ దాచలేదు. వర్తకునికి ఇది లాభకరమైన అలవాటు కాదు. ఆయన దుకాణము ఎన్నడును గొప్ప కర్మాగారము కాలేదు.

ఆయన ప్రతిపక్షి సామాన్యుడు కాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెమును 1903లో స్థాపించిన ఆంరీ దెగ్రాంజ్ ఫ్రాన్సులో సైకిలు విషయమున తిరుగులేని మాట గలవాడు. అంతకు ముందేడు, అనగా 1902లో, టూరింగ్ క్లబ్ వారు పిరెనీ పర్వతములలో 2115 మీటర్ల ఎత్తుగల టూర్మలే కనుమమీదుగ గేరు సైకిళ్లకు పరీక్ష జరిపిరి. సెయింట్ ఎటియెన్ నుండి మార్త్ ఎస్ అను యువతి మూడు గేర్లు గల గోల్వాజ్ బండిపై వచ్చి, నేలను కాలు మోపకుండ ఆ కనుమను ఎక్కెను. స్త్రీలు సైకిలెక్కుటయే వింతగ నెంచు కాలమది. చూచినవారు ఆశ్చర్యపడిరి. దెగ్రాంజ్ మాత్రము చలింపలేదు. గేర్లు 45 ఏండ్లు దాటినవారికి తగునవనియు, కండబలముతో గెలుచుటయే గెలుపనియు, యంత్రపు ఉపాయముతో గెలుచుట అట్టిది కాదనియు ఆయన తలంపు. వెలోసియోకు అప్పటికి 49 ఏండ్లు.

దెగ్రాంజ్ వాదమున ఏమియు లేదని మేము చెప్పము. పందెములో అందఱికి ఒకే విధమైన బండి యుండుట న్యాయమే. కాని ఆ న్యాయమునకై పందెగాండ్రు పడిన పాట్లు చూడుడు. 1903లో జరిగిన మొదటి టూర్ పందెమే వెలోసియో నిత్యము ఎక్కు ఆ రెపుబ్లిక్ కనుమమీదుగ పోయెను. ఆ పందెమున 1000 మీటర్లు దాటిన మొదటి కనుమ అదియే. తరువాతి యేండ్లలో పందెగాండ్రు వెనుకచక్రమునకు రెండువైపుల రెండు పళ్లచక్రములను పెట్టుకొని, కొండ మొదట దిగి, చక్రమును ఊడదీసి, త్రిప్పి బిగించుకొని, కొండపైన మఱల దిగి ఆ పనియే చేయుచుండిరి. చలిలో వ్రేళ్లు కొంకరలు పోవుచుండగా మరలు విప్పుట యెట్టిదో ఊహించుకొనుడు. మీట కదిపిన తీరు పనికి ఇంత శ్రమ! అయినను పందెములు చూచి సైకిలు కొను యువకులు చిన్న గేరును సిగ్గుపడదగినదిగ ఎంచిరి. ఆ సిగ్గుతోనే వెలోసియో జీవితమంతయు పోరాడెను.

దూరప్రయాణములకు ఆయన ఏర్పఱచిన నియమములు ప్రసిద్ధములు. ఆకలి కాకమునుపే కొంచెము తినుట, దప్పి కాకమునుపే త్రాగుట, దారిలో తక్కువసార్లు కొద్దిసేపే ఆగుట, నిద్రయు ఆకలియు చెడునంతగ ఎన్నడును అలయకుండుట, ప్రయాణములో మాంసము, ద్రాక్షసారాయము, పొగాకు మానుట, ఇవి అందులోనివి. ఇతరులు చూచుచున్నారన్న గొప్పకొఱకు తొక్కరాదన్నదియు వాటిలో నొకటి. ఆయన శాకాహారి. ఎస్పెరాంతో భాషను ప్రేమించెను. ఈస్టరు పండుగ సెలవులలో ప్రోవెన్సున సైకిలు మిత్రులను కూర్చి రెండుమూడు దినములు గడుపుట ఆయనకు ఇష్టము. 1922 మొదలు ఆ రెపుబ్లిక్ కనుమమీదికి ఎక్కు వార్షికోత్సవము ఆయన పేరిటనే జరుగసాగెను. తన పేరు పెట్టిన ఉత్సవమున తానే సైకిలెక్కి పాల్గొను భాగ్యము ఎందఱికి కలుగును?

1930వ సంవత్సరారంభమున, 76 ఏండ్ల వయస్సున, ఒకనాటి ఉదయమున ఆయన అలవాటుచొప్పున రోమను తత్త్వవేత్త సెనెకా గ్రంథమును చదువుకొని, సైకిలును చేతితో నడిపించుకొనుచు వీధిలోనికి వచ్చెను. దారి దాటుచు, ఎదురువచ్చు వాహనమును తప్పించుకొనుటకై వెనుకకు అడుగువేయగా ట్రాము తగిలి మరణించెను. పందెములలో డిరైలరును అనుమతించుట ఆయన చూడలేదు. దెగ్రాంజ్ నిర్వహణము విడిచిన పిమ్మట, 1937లో, టూర్ ద ఫ్రాన్స్ వారు దానికి ఒప్పుకొనిరి.

ఆయన పని అంతతో ముగియలేదు. ఫ్రెంచి యాత్రికులకై తయారైన మూడు పళ్లచక్రముల పెడలుకట్లును దీర్ఘమైన డిరైలర్లును 1970 తరువాత సముద్రము దాటి అమెరికా చేరెను. కాలిఫోర్నియాలో టమల్పాయిస్ కొండ చుట్టు కొందఱు యువకులు పాత లావుటైర్ల సైకిళ్లకు అట్టి యాత్రాసామగ్రిని బిగించి మట్టిబాటలపై తొక్కసాగిరి. మౌంటెను బైకు పుట్టిన విధమిది. పందెపు సైకిళ్ల గేరు వారికి పనికిరాలేదు. పందెగాండ్రు నవ్విన చిన్న గేరే పనికివచ్చెను.

ఇక దుకాణములోని ప్రశ్నకు వత్తము. వెలోసియో పద్ధతిని పట్టి చూచినచో మొదట అడుగవలసినది గేర్లెన్ని యని కాదు. అన్నిటికంటె చిన్న గేరు సాగుదూరమెంత యని. వెనుకటి తరపు మౌంటెను బైకునకు ముందు 44, 32, 22 పళ్లు, వెనుక 11 మొదలు 34 వఱకు ఉండెడివి. 26 అంగుళముల చక్రపు చుట్టుకొలతను 2.07 మీటర్లుగ తీసికొనిన, అతి చిన్న సాగుదూరము 1.34 మీటర్లు, అతి పెద్దది 8.28. ఇప్పటి బండికి ముందు 32 పళ్ల చక్రమొక్కటే. వెనుక 10 మొదలు 51 వఱకు పండ్రెండు. 29 అంగుళముల చక్రము చుట్టుకొలత 2.3 మీటర్లు కాగా చిన్నది 1.44, పెద్దది 7.36. రెండు కొనలయందును కొంచెము నష్టము. కాని ముందు డిరైలరు, దాని మీట, దాని తీగ మూడును లేకపోవుటచే చెడునవి తక్కువ, బురద పట్టునవి తక్కువ. పాతదానికి లెక్కకు 24 గేర్లో 27 గేర్లో యున్నను వాటిలో పలుగేర్లు ఒకదానితోనొకటి సమానములే. ముందున్న ఒక్క చక్రము చాలదని తోచినవాడు 32కు బదులు 30 పళ్లది వేయించుకొనిన చిన్న గేరు 1.35 మీటర్లకు దిగును.

ఇంకను గమనింపదగినవి కొన్ని కలవు. 1980 మధ్యకాలమువఱకు మీటను తాకిడినిబట్టి కదిపి గేరు వెదకుకొనవలసి యుండెను. అటుపిమ్మట ఒక నొక్కునకు ఒక గేరు తప్పక మాఱు పద్ధతి వచ్చెను. ఆ పద్ధతిలో మీట లాగు తీగ పొడవును డిరైలరు కదలు దూరమును సరిపోవలెను. కావున ఒక కంపెనీ మీటకు మఱొక కంపెనీ డిరైలరు సామాన్యముగ కుదురదు. రాతిబాటలపై గొలుసు ఎగిరిపడకుండ పట్టియుంచు బిగువు గల డిరైలరును, ఒకటి వెడల్పు ఒకటి సన్నముగ పళ్లు గల ముందుచక్రమును ఉన్నవేమో చూడవలెను. పండ్రెండు చక్రముల గొలుసు సన్నము. అరిగిన గొలుసును సకాలమున మార్పనిచో వెల ఎక్కువైన పళ్లచక్రములన్నియు దానితోపాటు అరిగిపోవును. పాఠశాలకును బజారునకును చదునుదారిన పోవువానికి ఇవియేవియు అక్కఱలేదు. ఒకే గేరు గల బండి, లేదా మూడు గేర్ల హబ్బు, వానిని చిరకాలము మోయును.

సెయింట్ ఎటియెన్ నుండి పోవు బాట పైన్ చెట్ల అడవిగుండ మలుపులు తిరిగి కనుమపైకి చేరుచోట వెలోసియో స్మారకశిల నిలిచియున్నది. క్రిందనుండి సైకిలుపై వచ్చువారు దానియొద్ద దిగి నీరు త్రాగి, పెద్ద గేరునకు మార్చుకొని, ఆవలివైపు లోయలోనికి దిగుదురు.